సందుగ మీది పాట

మొన్న ఆదివారం మా తమ్ముడి కొడుకు శ్రీకాంత్ వచ్చి నన్ను బలవంతంగా బండెక్కించుకుని వాళ్లింటికి తీసుకుపోయాడు. పాటలు వినడానికని ప్రత్యేకంగా ఒక గది కట్టుకున్నాడు, అది నాకు చూపించాలట. శ్రీకాంత్‌కు బీదర్ పక్కన కొల్హార్‌లో లేత్ మిషన్ షెడ్డు ఉంది. పగలంతా ఇనుము చెక్కి వచ్చి, సాయంత్రమైతే ఆ గదిలో తలుపు వేసుకుని కూర్చుంటాడని వాళ్లమ్మ బాధ. లోపల ఒక రికార్డు ప్లేయరు, ఒక ఆంప్లిఫయరు, నా భుజాల దాకా వచ్చే స్పీకర్లు రెండు ఉన్నాయి. ఏదీ నేలను తాకడం లేదు. ప్రతిదాని కిందా ఇత్తడి కాళ్లు, ఆ కాళ్ల కింద రబ్బరు బిళ్లలు. కాళ్లు తానే లేత్ మీద తిప్పి చేసుకున్నాడు. నేలలోని అదురు యంత్రాల్లోకి ఎక్కకూడదనీ, యంత్రాల అదురు నేలలోకి దిగకూడదనీ, అప్పుడే పాట నిజంగా వినిపిస్తుందనీ చాలాసేపు చెప్పాడు. నేను జీవితమంతా బడిపిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని. ఎవరైనా ఏదైనా మరీ నమ్మకంగా చెబితే రుజువు అడక్కుండా ఉండలేను.

"అయితె కండ్లు మూసుకో అత్తమ్మా. ఆంప్లిఫయర్ కింద కాళ్లు తీసి ఒకసారి, పెట్టి ఒకసారి వినిపిస్త. ఏది మంచిగుందో నువ్వే చెప్పు," అన్నాడు.

కళ్లు మూసుకుని విన్నాను. రెండూ నాకు ఒకటే. ఆ మాటే చెప్పాను. నొచ్చుకుని తాను కళ్లు మూసుకుని కూర్చుని, ఆ పని భార్యకు అప్పగించాడు. ఆ అమ్మాయి నా వైపు చూసి నవ్వుతూ, ఏదీ కదపకుండానే పాటను రెండుసార్లు వేసింది. మొదటిదానికంటే రెండోది ఎంతో సాఫ్‌గా ఉందన్నాడు వీడు. రికార్డు ప్లేయర్ కింది కాళ్లు తీసినప్పుడు మాత్రం తేడా నాకూ తెలిసింది. రోడ్డు మీద లారీ పోతే పాట అడుగున గురగుర వినిపించింది. "రికార్డు ముల్లుకైతె గావాలె బిడ్డా. మిగిలినయన్ని నీ తృప్తికి," అన్నాను. వచ్చేముందు చెప్పుల్లేని కాళ్లతో స్పీకర్ పక్కన కాసేపు నిలబడ్డాను. పాట గట్టిగానే మోగుతోంది. కాళ్ల కింద బండలో మాత్రం ఏమీ లేదు, చల్లగా, కదలకుండా ఉంది. అక్కడ నిలబడి ఉండగా మా సంగమ్మత్త జ్ఞాపకం వచ్చి ఆ బండ మీదే కూర్చుండిపోయాను. ఏమైందని శ్రీకాంత్ అడిగాడు. ఎండ దెబ్బ అన్నాను.

మా ఇల్లు పాత బీదర్‌లో మా నాయన నడిపే పిండి గిర్నీకి వెనకాల ఉండేది. గిర్నీకీ మా నడిమింటికీ మధ్య ఎర్రరాతి గోడ ఒక్కటే అడ్డం. తెల్లవారినప్పటి నుంచి దీపాలు పెట్టాక కూడా ఆ గోడ సన్నగా అదురుతూనే ఉండేది. బిందెలో నీళ్లు నిలకడగా ఉండగా నేను చూసింది తక్కువ. గూట్లో ఇత్తడి గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలమనేవి. మాకు అదంతా అలవాటై వినిపించేది కాదు, కరెంటు పోయి గిర్నీ ఆగినప్పుడే ఏదో లోటుగా అనిపించి ముఖాలు చూసుకునేవాళ్లం. వాసనలను బట్టి ఏ రోజు ఏమిటో చెప్పగలిగేవాళ్లం. సంత ముందురోజు కమఠాణ వైపు రైతులు తెచ్చే కొత్త జొన్నల వెచ్చటి పిండి వాసన. ఎండాకాలం వస్తే మిరపకాయలు, పసుపు. మిరపకాయలు పట్టే రోజు ఇంటిల్లిపాదీ తుమ్ముతూనే అన్నాలు తినేవాళ్లం. నాయన కనురెప్పలు ఎప్పుడూ తెల్లగా ఉండేవి. సాయంత్రం గిర్నీని, అక్కడ పనిచేసే మాణికప్ప మామకు అప్పగించి, పెరట్లో ముఖం కడుక్కుని వచ్చాకే ఆయన నల్లటి మనిషని తెలిసేది.

సంగమ్మత్త నాయనకు అక్క. చిన్నతనంలో ఏదో విషజ్వరం వచ్చి వినికిడి పూర్తిగా పోయింది. అప్పటికే మాటలు వచ్చేశాయి కాబట్టి మాట మిగిలింది. తన గొంతు తనకు వినపడదు గనక ఎంత చిన్న సంగతైనా పొలం అవతలి గట్టుకు వినిపించేలా చెప్పేది. పెండ్లయింది, ఒక కొడుకు పుట్టి నెలల పసిగుడ్డుగానే పోయాడు, తరవాత భర్త కూడా పోయాడు. అప్పటి నుంచి మా ఇంట్లోనే ఉండేది. ఆమెకు పెదవుల కదలికే మాట. అందుకని మేమందరం ఆమెతో గొంతు లేకుండా, పెదవులు మాత్రం బాగా కదిలిస్తూ మాట్లాడేవాళ్లం. కొత్తగా ఇంటికి వచ్చినవాళ్లు ఒకపక్క అత్త అరుపులు, మరోపక్క మా మూగ నోళ్లు చూసి హడలిపోయేవారు. నశ్యం పీల్చేది. జొన్నల్లో రాయి మిగలనిచ్చేది కాదు. సాయంత్రం మా ఇంటి సందుగకు వీపు ఆనించి కింద కూర్చుని, చాట ఒళ్లో పెట్టుకుని, నాయన పాటలు పెట్టినంతసేపూ జొన్నలు ఏరేది. సందుగ అంటే మా తాతలనాటి టేకు పెట్టె. ఒక మనిషి పడుకోగలిగినంత పొడుగు, నలుగురు పట్టినా కదలనంత బరువు. అందులో పండగల ఇత్తడి సామాను ఉండేది. దాని మీదే నాయన రికార్డు ప్లేయరూ, ఆంప్లిఫయరూ, స్పీకర్ డబ్బా.

నాయనకు ఉన్న ఒకే ఒక్క షోకు ఆ పాటలు. ఆంప్లిఫయరూ, స్పీకర్ డబ్బా ఆయన స్నేహితుడు, రేడియోలు బాగుచేసే ఖాదర్ చాచా చేసిచ్చినవి. హిందీ, తెలుగు, కన్నడ, ఖవ్వాలీ, శివశరణుల వచనాలు, అన్నీ వినేవాడు. కానీ గిర్నీ నడుస్తుంటే ఏ పాటకైనా అడుగున ఒక గురగుర తోడుండేది. బరువైన సరుకు పడినప్పుడు ముల్లు ఎగిరి అవతలి వరుసలో పడేది. నాయనకు ఇది పెద్ద దిగులు. ఖాదర్ చాచా వచ్చి ఆంప్లిఫయర్ వెనక అట్ట తీసి, లోపల వెలుగుతున్న వాల్వు మీద పెన్సిలుతో మెల్లగా కొట్టాడు. స్పీకర్లో టింగుమంది.

"చూసినవా భాయ్. అదురు వాల్వుకు జర తగులుతది. ముల్లుకైతె బాగ తగులుతది. లోపలి తార్లకు ఏం తగల్దు. ముల్లును గాలిల పెట్టు, నీ పరేషాన్ పోతది," అన్నాడు.

గాలిలో ఎలా పెట్టాలో ఇద్దరూ కొన్నాళ్లు వాదించుకుని, చివరికి మా దూలానికి ఉన్న కొక్కేలను చూశారు. అవి తొట్టెల కట్టే కొక్కేలు. నేనూ తమ్ముడూ పసితనంలో ఊగింది వాటికే. ఒక చెక్కను తాళ్లతో వాటికి వేలాడదీసి, ఊగకుండా దాని మీద అరిగిపోయిన గిర్నీరాయి ముక్క ఒకటి బరువు పెట్టి, ప్లేయర్‌ను ఎక్కించారు. స్పీకర్ డబ్బా సందుగ మీద ఉంటే లోపలి ఇత్తడి సామాను జల్లుమంటోందని, దాన్ని దించి మూలన ఒక స్టూలు మీద, సగం గాలి కొట్టిన సైకిల్ ట్యూబు పరిచి, దాని మీద కూర్చోబెట్టారు. ఆ సాయంత్రం మాణికప్ప మామ గిర్నీ నడుపుతూనే ఉన్నాడు, పాట మాత్రం గిర్నీ లేని ఊళ్లో పాడినట్టు వచ్చింది. పాడే మనిషి ఊపిరి తీసుకోవడం కూడా వినిపించింది. నాయన నోటిమీద చెయ్యి పెట్టుకుని నిలబడిపోయాడు. అంత సంతోషంగా ఆయన్ను నేను చాలా తక్కువసార్లు చూశాను.

సంగమ్మత్త రోజూలాగే చాట పట్టుకుని వచ్చి సందుగకు ఆనుకుని కూర్చుంది. కాసేపు ఏరింది. వెనక్కి తిరిగి సందుగను చూసింది, దూలం వైపు చూసింది, మూలన స్టూలును చూసింది. లేచి వెళ్లిపోయింది. మరునాడు రాలేదు. ఆ తరవాతా రాలేదు. సాయంత్రాలు గిర్నీకి పోయి, మిషన్ పక్కన గడపరాయి మీద, పిండి దుమ్ములో కూర్చోవడం మొదలుపెట్టింది. అన్నం సగమే తినేది. పిలిస్తే ముఖం తిప్పుకునేది. ముఖం తిప్పుకుంటే ఆమెతో మాట్లాడే దారి ఇంకేదీ లేదు.

కారణం అమ్మ కనిపెట్టింది, లేదా కనిపెట్టానని అనుకుంది. అత్త తొలి కాన్పు పుట్టింట్లోనే, ఈ ఇంట్లోనే. ఆ పసివాడి తొట్టెల కట్టింది కూడా ఆ కొక్కేలకే. మా వైపు ఉత్త తొట్టెల ఊపితేనే తప్పు పడతారు. బిడ్డ పోయిన తల్లి కళ్లెదుట ఆ కొక్కేలకు పాటల డబ్బా వేలాడదీయడమేమిటని అమ్మ నాయన మీద లేచింది. "వదినె మనసు విరిగింది. ఆమె నోరు తెరిచి అడుగుతదా? మనకే తెలువాలె," అంది. నాయన తల వంచుకుని ఆ రోజే తాళ్లు విప్పేశాడు. అమ్మ కొక్కేలకు పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, అత్త చేతికి కొత్త రవికె గుడ్డ ఇచ్చింది. అత్త గుడ్డ తీసుకుని, అయోమయంగా మా అందరి ముఖాలూ చూసి, మళ్లీ గిర్నీ గడపకే పోయింది. ప్లేయర్ తిరిగి సందుగ మీదికి వచ్చింది, దానితోపాటు గురగురా వచ్చింది; స్పీకర్ డబ్బా మాత్రం స్టూలు మీదే ఉండిపోయింది. ఇంత చేసినా అక్క అలక తీరలేదని నాయనకు లోపల్లోపల కోపం. అక్కతో మాట్లాడడం తగ్గించేశాడు. ఇంట్లో అన్నం గిన్నెల చప్పుడు తప్ప మాట ఉండేది కాదు. ఆ రోజుల్లో నాకు బడి నుంచి ఇంటికి రాబుద్ధయ్యేది కాదు.

దసరా ముందు ఇంటికి సున్నం వేయించారు. సామానంతా పెరట్లో పెట్టారు. సందుగ ఎవరికీ కదలదు గనక దాన్నలాగే వదిలేసి, స్టూలు మీది స్పీకర్ డబ్బాను తడి తగలకుండా దాని మీదికి చేర్చారు. మధ్యాహ్నం గిర్నీలో కరెంటు లేదని నాయన ఇంట్లోనే ఉన్నాడు. గంటసేపటికి కరెంటు వస్తే, తీగలు సరిగ్గా ఉన్నాయో లేదో చూద్దామని ఒక రికార్డు పెట్టాడు. డోలు మీద నడిచే పాట. సంగమ్మత్త చీపురుతో లోపలికి వచ్చింది. సున్నం బక్కెట్టు తగలకుండా పక్కకు ఒదుగుతూ సందుగ మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది. చీపురు కిందపడింది. రెండో చెయ్యి కూడా పరిచి పెట్టింది. తరవాత మెల్లగా కింద కూర్చుని, వీపంతా టేకు చెక్కకు ఆనించి, కళ్లు మూసుకుంది. ఆమె పాదం కదలడం చూశాను. డోలు దెబ్బ ఎక్కడ పడుతోందో ఆమె బొటనవేలూ అక్కడే పడుతోంది.

"తమ్మీ, పాట వచ్చింది," అంది. వీధిలోకి వినిపించే ఆ గొంతుతోనే. "ఇన్ని దినాలు ఏడ బోయిందిరా?"

నాయన ముల్లు పైకి లేపాడు. అత్త కళ్లు తెరిచి, "ఆగింది," అంది. ముల్లు మళ్లీ పెట్టాడు. అత్త తలాడించింది. అమ్మ చెంగు నోట్లో కుక్కుకుని గుమ్మంలో నిలబడింది. మేమందరం ఆమె సందుగ దగ్గర తోడు కోసం కూర్చుంటుందనుకున్నాం, కూర్చోవడం మానేస్తే అలిగిందనుకున్నాం. ఆమె పాటలు వింటోందని ఆ ఇంట్లో ఎవరికీ తట్టలేదు. నాయన ఆమె ఎదుట చతికిలబడి, పెదవులతో అడిగాడు: గిర్నీ గడప మీద ఎందుకు కూర్చున్నావని.

"ఆడ గూడ అదురుతదని పోయిన. గని గిర్నీ ఒకటే పాట పాడుతది తమ్మీ. గీడ దినామొక తీరు పాట," అంది.

స్పీకర్ మళ్లీ స్టూలెక్కలేదు. నాయన సందుగలోని ఇత్తడి సామానంతా తీసి, పాత చీరలు చుట్టి, జల్లుమనకుండా తిరిగి సర్దాడు. అయితే ప్లేయరూ స్పీకరూ ఒకే సందుగ మీద ఉండేసరికి ఇబ్బంది ఇంకా పెరిగింది. గిర్నీ గురగురకు తోడు, చప్పుడు పెంచితే స్పీకర్ అదురు ముల్లుకు తగిలి పెద్దగా ఊళ పెట్టేది. ముల్లు పాట నడుమ ఎగిరిపోయేది. దానికి మందు దూలం మీద ఉందని నాయనకు తెలుసు. ఆ మాట ఎత్తడానికి ఆయనకు నోరు రాలేదు. అక్క కోసం ఆ ఊళనే భరించడానికి సిద్ధపడ్డాడు. కానీ ముల్లు ఎగిరినప్పుడల్లా అత్త మొహం ముడుచుకునేది.

"పాట కుంటుతుంది. మొన్న మీద కట్టినవు గద, మల్ల ఎందుకు దించినవు?" అని ఒకనాడు అడిగింది.

అమ్మే ముందుకు వచ్చి, పెదవులతో కూడా తడబడుతూ, కొక్కేల సంగతి చెప్పింది. అత్త చాలాసేపు దూలం వైపు చూసింది. ఏడుస్తుందేమోనని నేను భయపడ్డాను. ఆమె ఏడవలేదు. జొన్నల చాట పక్కన పెట్టి, ఎప్పుడూ చెప్పని సంగతి చెప్పింది.

"పిలగాడు ఏడిస్తె నాకెట్ల తెలుస్తది? తొట్టెల తాడు కాలి బొటనవేలుకు కట్టుకొని పండుకుంటుంటి. వాడు ఏడిస్తె తాడు వణికేది. ఆకలికి ఏడుస్తుండో, కడుపు నొచ్చి ఏడుస్తుండో, వణుకును బట్టే తెలిసేది. నా కొడుకు గొంతు నేను గట్లనే విన్న. ఒకనాడు తెల్లారింది. తాడు కదలలే."

గోడవతల గిర్నీ నడుస్తూనే ఉంది.

"గా కొక్కేలు ఊకె ఉంటెనే నాకు బాధయితది. కట్టు తమ్మీ," అంది.

నాయన స్టూలెక్కి తాళ్లు కట్టాడు. ముడి వేసిన ప్రతిసారీ అవసరమైన దానికంటే ఎక్కువసేపు పైకే చూస్తూ ఉన్నాడు. ప్లేయర్ ఎక్కించి, ముల్లు పెట్టాడు. పాట మాకు చెవుల్లోకి వచ్చిన క్షణానే అత్త తలెత్తింది. ఆమెకు మాటలు అందవని అప్పుడు తట్టి, నేను ఎదురుగా కూర్చుని పాటలోని మాటలను పెదవులతో చెప్పడం మొదలుపెట్టాను. దరువు ఆమె వీపుకు, మాటలు ఆమె కళ్లకు. ఆ తరవాత ఎన్నో ఏళ్లు సాయంత్రాలు మా ఇంట్లో నా పని అదే. నాకు ఈనాటికీ పాట వింటే పెదవులు కదులుతాయి. బస్సులో పక్కవాళ్లు వింతగా చూస్తారు.

ఇప్పుడు ఆ గిర్నీ లేదు. అక్కడ అద్దాల తలుపుల బట్టల షాపు ఉంది, పిండి ప్యాకెట్లలో వస్తోంది. ఆ కాలమే మంచిదని నేననను. ఆ పిండి దుమ్ముకే నాయన చివరిదాకా దగ్గుతూ బతికాడు. ఇప్పటి రోజుల్లో అయితే సంగమ్మత్తను మంచి డాక్టరుకు చూపించి, చెవికి ఏదో ఒక మిషన్ పెట్టించేవాళ్లం. ఆమె గిర్నీ గడప మీద కూర్చోవలసిన అవసరమే వచ్చేది కాదు. కాకపోతే మొన్న బసవకళ్యాణ్ పోయే బస్సులో చూశాను, ప్రతి మనిషి చెవిలోనూ ఎవరి పాట వాళ్లది. పక్క సీటుకు అదురు కూడా తగలదు. శ్రీకాంత్ గదీ అంతే. వాడు చెడ్డవాడు కాదు, నేనంటే ప్రాణం పెడతాడు. వాడి పాట వాడి చెవులకు తప్ప మరే చోటుకీ పోకుండా వాడే కాపలా కాస్తున్నాడు, దాన్నే బాగా వినడం అనుకుంటున్నాడు. నాకు వాడి మీద జాలి వేసింది. ఇది వాడికి చెప్పలేదు, రాస్తే చదువుతాడేమో.

సంగమ్మత్త నేను కాలేజీలో ఉండగా పోయింది. దినాలు అయ్యేదాకా ఇంట్లో పాట పెట్టలేదు. ఆ తరవాత ఒక సాయంత్రం ఖాదర్ చాచా వచ్చి, నాయన పక్కన చాలాసేపు ఊరికే కూర్చుని, వెళ్లబోతూ ఆగాడు. స్పీకర్ డబ్బాను మళ్లీ స్టూలు మీద పెట్టి చూద్దామన్నాడు, స్నేహితుడి మనసు కాస్త మళ్లించాలని. ఇద్దరూ కలిసి దించారు. ట్యూబుకు గాలి కొట్టారు. నాయన తనకు ఇష్టమైన రికార్డు పెట్టాడు. పాట ఎంతో తేటగా, సందుగ చెక్క అదురు కలవకుండా, పాడే మనిషి ఊపిరితో సహా వచ్చింది. నాయన రికార్డు ఒక వైపంతా విన్నాడు. రికార్డు అయిపోయాక లేచి, ఎవరినీ సాయం పిలవకుండా, డబ్బాను రెండు చేతులా ఎత్తి సందుగ మీద పెట్టేశాడు.

"అగో, మల్ల ఎందుకు భాయ్? ఆవాజ్ ఖరాబ్ అయితది గద," అన్నాడు ఖాదర్ చాచా.

"కానియ్యి ఖాదర్ భాయ్," అన్నాడు నాయన. "సాఫ్‌గ వినవడితె అక్క లేదని తెలుస్తది."